ఇల్లాలి విజ్ఞానము: బండి వెనుక బండి

ఇంటిపట్టున నుండు స్త్రీలకు జీపుల ప్రసంగ మెందులకని సోదరీమణులు కొందఱు ముక్కుమీద వ్రేలు వేసికొనవచ్చును. కాని విచారించి చూడుడు. బండి తోలువాడు ముందు కూర్చుండును. చక్రము చేతబట్టుకొని యెదుటి దారిని చూచుచు పోవును. సామానుల నడుమను, మూటల మీదను, చంటిబిడ్డను ఒడిలో నిడుకొని వెనుక కూర్చుండువారము మనము. బండి గోతిలో పడిన కుదుపు మొదట మన నడుములకే తగులును. కావున బండి యే న్యాయముచేత నడచునో, ఏ లోపముచేత బోల్తాపడునో మనము తెలిసికొనియుండుట యవసరము. అదియునుగాక నేడు మన స్త్రీలలో జీపు నడపువారును పలువురు కలరు.

పుంగనూరు ప్రాంతమున మామిడితోట గల యొక సోదరి మన పత్రికకు జాబు వ్రాసినది. వారి తోట గుట్టవాలులో నున్నదట. తారుబాట దాటిన పిమ్మట రాళ్లదారి, ఆ పైని యొక వంక, వంక దాటినచో ఎక్కుడు. కాపుకాలమున కాయలు దింపుటకై ఇంటివారు నాలుగు చక్రములకును ఇంజను బలము నందించు జీపును, దాని వెనుక తగిలించు చిన్న ట్రెయిలరును కొన్నారు. రాబోవు మాఘమాసమున ఆడుబిడ్డ పెండ్లి. ఆడువారు, పిల్లలు ఆ ట్రెయిలరులో కూర్చుండి గుడికి పోవచ్చునని పెద్దలు నిర్ణయించినారు. బాటలేనిచోట ట్రెయిలరును అపాయము లేకుండ లాగుట యెట్లు, అందు మనుష్యులు కూర్చుండవచ్చునా, యని యామె ప్రశ్నలు.

రెండవ ప్రశ్నకు ఉత్తరము ఒక్క మాటలో నున్నది: కూడదు. అయినను కోడలు నోట వచ్చిన "కూడదు" అను మాట ఇంటిలో నిలువవలెనన్న, ఎందువలన కూడదో విడమరచి చెప్పు నేర్పు ఆమెకు ఉండవలెను. ఆ కారణములన్నియు మొదటి ప్రశ్నలోనే యిమిడియున్నవి. కావున మొదటిదానినే ముందు విచారింతము.

ఈ జీపు పుట్టుక యుద్ధమునందు. 1940లో అమెరికా సైన్యమువారు బాటలేని నేలమీద పరుగెత్తు చిన్న బండి కావలెనని కోరగా, బాంటం అను కంపెనీ మొదటి మాదిరిని కట్టినది. 1941 నుండి విల్లీస్, ఫోర్డు కంపెనీలు లక్షల సంఖ్యలో వానిని తయారుచేసినవి. ఆ జీపు వెనుక తగిలించుటకు రెండు చక్రముల చిన్న ట్రెయిలరును గూడ అప్పుడే కల్పించిరి. బాటలేనిచోట దానిమీద వేయదగిన బరువు 500 పౌనులు, అనగా సుమారు 225 కిలోలు. దాని టైర్లు జీపు టైర్ల వంటివే. చక్రముల నడిమి యెడమును జీపునకు సరిపోవునట్లే పెట్టిరి. ఇందులో గొప్ప యుక్తి కలదు. ముందుబండి చక్రములు త్రొక్కిన జాడలోనే వెనుకబండి చక్రములు పోవును గనుక క్రొత్తగా నేలను దున్నుకొనవలసిన శ్రమ యుండదు. అదనపు చక్ర మొక్కటి వెంట నున్న రెండు బండ్లకును పనికివచ్చును. నేడు ట్రెయిలరు కొనువారు గూడ ఈ రెండు గుణములను చూచి కొనవలెను.

యుద్ధము ముగిసిన పిమ్మట 1947లో బొంబాయిలో మహీంద్రావారు జీపులను కూర్చ నారంభించిరి. 1952లో సమష్టి అభివృద్ధి పథకము వచ్చినప్పుడు బ్లాకు ఆఫీసు జీపు మన పల్లెల కెల్ల పరిచయమైనది. గుట్టలు, వంకలు గల మన సీమలో ఆ బండికి గౌరవము నేటికిని తగ్గలేదు.

ఇక లాగు విద్యకు వత్తము. ఇది మనకు బొత్తిగా క్రొత్తది కాదు. ఎద్దులబండి నెఱిగినవారికి సగము తెలిసినదే. బండికి బరువెత్తునప్పుడు పెద్దలేమి చెప్పుదురు? వెనుక బరువైనచో కాడి పైకి లేచి, మెడత్రాడు ఎద్దుగొంతున బిగియును. ముందు మిక్కిలి బరువైనచో కాడి మెడల నణచివేయును. కాడిమీద కొంచెము మొగ్గునట్లు మాత్రమే బరువును సర్దవలెను. ట్రెయిలరు విషయమునను అదే న్యాయము. దాని మొత్తపు బరువులో పదింట నొకవంతు, కొంచెము హెచ్చుగా నైన ఏడింట నొకవంతు, జీపు వెనుకనున్న కొక్కెముపై మోపబడవలెను. ట్రెయిలరు 150 కిలోలు, సరకు 250 కిలోలు, వెరసి 400 కిలోలైనచో, నొగమీద 40 మొదలు 57 కిలోల బరువుండవలెనన్నమాట.

దీనిని ఇంటనే తూచవచ్చును. మనము ఎక్కి బరువు చూచుకొను యంత్రమును నేలమీద పెట్టి, దానిపై కొక్కెమంత యెత్తుగల గట్టి కొయ్యదిమ్మను నిలిపి, ట్రెయిలరు నొగకొనను దానిమీద నానింపవలెను. అంతకుముందు ట్రెయిలరు చక్రములకు ముందు వెనుక రాళ్లు అడ్డముపెట్టుట మఱవరాదు. అంకె తక్కువైనచో బరువును ముందునకును, ఎక్కువైనచో వెనుకకును జరుపవలెను. దిమ్మ బరువును తీసివేసి లెక్కించుకొనవలెనని వేఱుగ చెప్పనక్కఱలేదు.

వెనుక బరువైన ట్రెయిలరు చేయు అపకారము మొదట కనబడదు. మెల్లగా పోవునప్పుడు బుద్ధిగనే నడచును. వేగము హెచ్చినకొలది ఏనుగు తొండమువలె అటునిటు ఊగనారంభించును. ఆ యూపు జీపును గూడ ఊపివేయును. అప్పుడు భయపడి బ్రేకు గట్టిగా త్రొక్కినచో వెనుకబండి ముందుబండిని ప్రక్కకు త్రోసి అడ్డము త్రిప్పివేయును. చక్రమును తిన్నగా పట్టుకొని, ఇంజను వేగమును మెల్లగా తగ్గించుటయే మంచి యుపాయము. బండి ఆగిన తరువాత దిగి, సరకును మఱల సర్దుకొనవలెను.

సరకు సర్దుట మన విద్య. బియ్యపు మూటలు, ఇత్తడి గుండిగలు మొదలగు బరువైనవి అడుగున, ఇరుసునకు నేరుగాను కొంచెము ముందుగాను ఉండవలెను. చాపలు, విస్తరాకులు, పరుపులు పైన. మామిడిగంపలు గంపకు 20 కిలోలు పట్టినచో పన్నెండు గంపలకే 240 కిలోలగును. పదమూడవ గంపకు చోటున్నను బరువునకు చోటులేదని యెఱుగవలెను. నీటిపీపా నిండుగనో ఖాళీగనో ఉండవలెను. సగము నిండిన పీపాలో నీరు మలుపు మలుపునకును ఒక ప్రక్కకు దొర్లి బండిని తలక్రిందులు చేయజూచును. బిందెలో సగము నీరున్నప్పుడు చంక నెంత తొట్రుపాటు పడునో మన కనుభవమే కదా.

తగిలింపు సంగతి తరువాతిది. తారుబాటమీద నడచు ట్రెయిలర్లకు గుండువంటి ఇనుపముక్క మీద గిన్నెవంటిది బోర్లించి బిగింతురు. రాళ్లదారిలో జీపు ఒక ప్రక్కకును ట్రెయిలరు వేఱొక ప్రక్కకును ఒరగునప్పుడు ఈ గుండు మిక్కిలి మెలిపడి, గిన్నె పట్టుకొనిపోయి, ఒక్కొక్కప్పుడు విఱిగిపోవును. అందుచేతనే యుద్ధపు జీపునకు కొక్కెమును, ట్రెయిలరు నొగకు దొడ్డ ఇనుప ఉంగరమును అమర్చిరి. ఉంగరము కొక్కెములో ఎటు కావలసిన అటు తిరుగగలదు. నేడు నిలువునను అడ్డమునను మెలిక తిరుగు కీళ్లు గల తగిలింపులును దొరకుచున్నవి. గుట్టదారులకు అట్టివే తగును.

ఏ తగిలింపైనను దానికొక చీల యుండును. చీలకు మఱల ఊడకుండ చిన్న ముల్లుండును. దశరథుని రథపు కడచీల యూడగా కైకేయి తన వ్రేలినే చీలగా దూర్చి రథమును నిలిపినదని జనులు చెప్పుకొందురు. వాల్మీకి యీ వ్రేలి కథను చెప్పలేదు. ఆమె స్పృహదప్పిన భర్తను రణభూమినుండి తప్పించినదని మాత్రమే చెప్పెను. కథ యెట్లున్నను, అంతటి రథమునకు అంత చిన్న చీల ప్రాణమని మన పూర్వు లెఱిగియుండిరి. బయలుదేరుటకు ముందు ఆ చీలను, ఆ ముల్లును చేతితో తాకి చూచుట కైకేయి సాహసముకంటె సులభము. నొగ క్రింద రెండు గొలుసులు గూడ ఉండవలెను. వానిని సమాంతరముగా కాక, ఒకదానిమీద నొకటి అడ్డముగా వేసి తగిలింపవలెను. తగిలింపు ఊడినను నొగకొన ఆ గొలుసుల యుయ్యాలలో పడును గాని నేలను గ్రుచ్చుకొని బండిని పల్టీ కొట్టింపదు. గొలుసులు నేలకు రాచుకొననంత బిగువుగాను, మలుపులో తెగనంత వదులుగాను ఉండవలెను.

నాలుగు చక్రముల బలమన నేమో చూతము. సామాన్యపు బండిలో ఇంజను రెండు చక్రములనే త్రిప్పును. తక్కిన రెండును వెంట దొర్లును. ఈ జీపులో వేఱొక చిన్న గేరు కఱ్ఱను త్రోసిన నాలుగును తిరుగును. ఇంకను త్రోసిన "తక్కువ గేరు" పడును. అప్పుడు బండి వేగము సగమునకో, అంతకంటె తక్కువకో పడిపోయి, లాగు బలము దాదాపు రెండు, రెండున్నర రెట్లగును. వంకలోను ఎక్కుడులోను ఈ తక్కువ గేరే శరణ్యము. ఎక్కుట మొదలుపెట్టిన పిమ్మట కాక, మొదలుపెట్టక పూర్వమే దానిని వేసికొనవలెను. ఎండిన తారుబాటమీద మాత్రము నాలుగు చక్రముల గేరు వేయరాదు. మలుపులో ముందుచక్రములు, వెనుకచక్రములు వేఱువేఱు దూరములు తిరుగవలసియుండును, మెత్తని నేల ఆ భేదమునకు జాఱి చోటిచ్చును, తారుబాట ఈయదు. ఆ పెనుగులాటలో లోపలి గేర్లు అరిగిపోవును.

ఇంత బలమున్నను జీపు దిగబడుట కలదు. కర్ణుని రథచక్రము నేల క్రుంగినప్పుడు ఆ మహావీరునకు భుజబలము లోపించినదా? దిగబడుటకు కారణము బలములేమి కాదు, పట్టులేమి. జీపు ఇరుసునడుమ డిఫరెన్షియల్ అను గేర్ల కూర్పు గలదు. మలుపులో వెలుపలి చక్రము ఎక్కువ తిరుగుటకు అది వీలు కల్పించును. కాని ఒక చక్రము గాలిలో లేచినను, బురదలో పడినను, బలమంతయు ఆ పట్టులేని చక్రమునకే పోయి అది గిఱగిఱ తిరుగును. గట్టినేలమీది చక్రము కదలదు. అప్పుడు ఇంజనును మఱింత మ్రోగించినచో చక్రము తన గోతిని తానే త్రవ్వుకొనును. ఆపి, దిగి, ఆ చక్రము క్రింద రాళ్లను, మట్టలను, గోనెలను పఱచుట మేలు. బండి కదలునప్పుడవి వెనుకకు ఎగిరిపడును గావున ఎవ్వరును చక్రము వెనుక నిలువరాదు. ట్రెయిలరుతో దిగబడినప్పుడు ముందు ట్రెయిలరును విప్పి, జీపును గట్టినేలకు తెచ్చుకొని, పిమ్మట త్రాటితో ట్రెయిలరును లాగుకొనవలెను. లాగు త్రాటిని ఎవరును దాటరాదు. తెగిన త్రాడు కొరడావలె వచ్చి ఎముకలు విఱుగగొట్టును. త్రాటి పొడవుకంటె ఎక్కువ దూరమున పిల్లలను నిలిపి, త్రాటి నడుమ బరువైన గోనెను వేయుట మంచిది. తెగినను దాని విసురు తగ్గును.

ఎక్కుడు, దిగుడుల లెక్క చాల చిన్నది. ఐదడుగుల నడకకు ఒక అడుగు ఎత్తు గల వాలుమీద 400 కిలోల ట్రెయిలరు, అందులో అయిదవవంతు, అనగా 80 కిలోల బరువు పగ్గమునకు కట్టి వ్రేలాడదీసినట్లు వెనుకకు లాగును. పైగా ఆ లాగుడు జీపు వెనుకభాగమును అణచి ముందుచక్రముల పట్టును తగ్గించును. దిగునప్పుడు ఆ 80 కిలోలును వెనుకనుండి త్రోయును. చిన్న ట్రెయిలర్లకు సామాన్యముగా బ్రేకులుండవు. 1,600 కిలోల జీపు వెనుక 400 కిలోల ట్రెయిలరున్నచో, జీపు బ్రేకులు నాలుగింట నొకవంతు హెచ్చు బరువును ఆపవలెను. వేగము రెండింతలైనచో ఆ పని నాలుగింతలగును. కావున దిగునప్పుడు తక్కువ గేరులో ఇంజనే బండిని పట్టియుంచవలెను. గేరు తీసివేసి బండిని జాఱవిడుచుట డీజిలు మిగుల్చుట కాదు, ప్రాణములు ఒడ్డుట. వాలునకు అడ్డముగా పోవుటయు, వాలుమధ్యమున త్రిప్పుటయు అపాయకరములు.

మా తిరుచానూరులో కార్తికమాసపు బ్రహ్మోత్సవములలో ఎనిమిదవనాడు శ్రీ పద్మావతీ అమ్మవారి రథోత్సవము జరుగును. పగ్గములు పట్టి వందలమంది లాగుదురు. చూచువారి కన్నులు లాగువారిమీదనే యుండును. కాని తేరు తిన్నగా నడచుట చక్రముల చెంత కొయ్యదిమ్మలు చేతబట్టుకొని నడచువారి చలువ. ఏ క్షణమున ఏ చక్రము క్రింద దిమ్మను వేయవలెనో వారికి తెలియును. లాగుట కంటె ఆపుట కష్టమని చెప్పుటకు ఇంతకంటె నిదర్శన మేల? ట్రెయిలరు వెంటను అట్టి దిమ్మలు రెండుండవలెను. చక్రములకు దిమ్మలు వేయక తగిలింపు విప్పరాదు.

వంక దాటుట యింకొక పరీక్ష. మన స్వర్ణముఖి వలె ఏడాదిలో పెక్కునెలలు ఇసుకయే పాఱు ఏఱులలో టైర్ల గాలి కొంత తీసివేయవలెను. 30 పౌనుల గాలిని 18, 20 పౌనులకు దింపినచో టైరు వెడల్పుగా పఱచుకొని, ఒంటె యడుగువలె ఇసుకమీద తేలును. ట్రెయిలరు టైర్లకును ఇట్లే చేయవలెను. మఱి 15 పౌనులకు లోపలికి దింపినచో టైరు చక్రమునుండి జాఱిపోవచ్చును. ఇసుకలో ఒకే తీరున ఆగక పోవలెను. తారుబాట చేరకముందే మఱల గాలి కొట్టవలెను గావున పంపు వెంట నుండవలెను.

ఇసుక యొకటి, వరద యొకటి. 2021 నవంబరులో వానలకు స్వర్ణముఖి పొంగి మా యూరివైపు ఒడ్డును కోసివేసినప్పుడు, నీటి బలమెంతటిదో అందఱును కన్నులార చూచిరి. ట్రెయిలరునకు నీటిలో నొక విశేష దోషము గలదు. దాని పెట్టె ఆఱడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గలదనుకొందము. నీరు చొరని పెట్టెయైనచో, దాని అడుగుమట్టమునకు పైని అయిదంగుళముల నీరు చేరగానే 250 కిలోలకు మించిన బరువును నీరు పైకెత్తును. ఖాళీ ట్రెయిలరు అంతకంటె తేలిక; కావున అది తెప్పయై తేలును. యుద్ధపు ట్రెయిలర్లను తేలునట్లు బుద్ధిపూర్వకముగనే కట్టిరి. నిలిచిన నీటిలో అది గుణము. పాఱు నీటిలో ప్రవాహము దానిని ప్రక్కకు కొట్టి, దానితో జీపును ఈడ్చుకొనిపోవును. కావున అడుగు కనబడని పాఱు నీటిలో దిగరాదు. మోకాలు దాటిన నీరైనచో ఒడ్డున కాచుకొనవలెను. ముహూర్తము తప్పినను మఱియొక ముహూర్తము దొరకును.

మలుపులో వెనుకబండి ముందుబండి జాడను విడిచి లోపలివైపునకు కోసికొని పోవును. గోడమూలను నిలిచిన పిల్లవానిని జీపు తాకకున్నను ట్రెయిలరు తాకవచ్చును. కావున మలుపు లోపలివైపున ఎవ్వరిని నిలువనీయరాదు. వెనుకకు నడపుట మఱింత చిక్కు. ట్రెయిలరు కుడికి పోవలెనన్న జీపు చక్రమును ఎడమకు త్రిప్పవలెను. సులువైన గుర్తేమనగా, చక్రమును అడుగుభాగమున పట్టుకొని, ట్రెయిలరు ఏ వైపునకు పోవలెనో చేతిని ఆ వైపునకు జరుపవలెను. ట్రెయిలరు ఎంత పొట్టిదో అంత త్వరగా మెలిక తిరుగును. అందుచేత చిన్న ట్రెయిలరును వెనుకకు త్రోయుట పెద్దదానికంటె కష్టము. మెలిక ఎక్కువైనప్పుడు ముందునకు పోయి తిన్నగా చేసికొని మఱల మొదలుపెట్టవలెను.

ఇచ్చటనే మనకు పని పడును. "వెనుక చూడు" మని ఇంటి ఆడువారిని దింపుట వాడుక. చూచుటకు దిగిన స్త్రీ మూడు నియమములు పాటింపవలెను. డ్రైవరు అద్దములో తనకు కనబడుచోటనే నిలువవలెను. అద్దములో అతని ముఖము తనకు కనబడకున్న, తాను అతనికి కనబడుటలేదు. జీపునకును ట్రెయిలరునకును నడుమ ఏ క్షణమునను పోరాదు. ఆపుమని చెప్పు సైగ యొకటి ముందే నిశ్చయించుకొనవలెను. డ్రైవరును, ఆమె కనబడనంతనే బండిని ఆపవలెను.

ఇప్పుడు రెండవ ప్రశ్న. ఇంతవరకు చెప్పినదంతయు ఒక్కచోట చేర్చి చూడుడు. ట్రెయిలరునకు బ్రేకులు లేవు. కుదుపు నాపు మెత్తని స్ప్రింగులు సామాన్యముగా లేవు. పట్టుకొనుటకు ఆధారము లేదు. దాని బరువు అడుగున ఉండవలెను. మనుష్యులు కూర్చుండినను నిలుచున్నను బరువు పైకి పోవును. బియ్యపు మూట పెట్టినచోట నుండును, మనుష్యులు అట్లుండరు. మలుపులో అందఱును ఒక ప్రక్కకు ఒరగుదురు. అట్లు ఒరగుటతోనే సగము బోల్తా పూర్తియగును. అది ఒరగుచున్నదని ముందున్న డ్రైవరునకు తెలియునప్పటికి కాలము మించిపోవును. ట్రాక్టరు వెనుకనుండు పెద్ద ట్రాలీలకును ఇదే వర్తించును.

ఇది ఊహ కాదు. 2018 జూన్ 24న తెలంగాణములో వలిగొండ మండలమున కూలిపనికి పోవుచున్నవారి ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది మరణించిరి. వారిలో మిక్కిలిమంది స్త్రీలు. 2022 అక్టోబరు 1న ఉత్తరప్రదేశములో కాన్పూరు జిల్లాలో దేవీదర్శనము చేసికొని మఱలుచున్నవారి ట్రాలీ చెఱువులో పడి 25 మందికి పైగా స్త్రీలు, పిల్లలు పోయిరి. అదే సంవత్సరము డిసెంబరు 7వ తేది రాత్రి మన చిత్తూరు జిల్లాలోనే పూతలపట్టు మండలమున పెండ్లివారి ట్రాక్టరు బోల్తాపడి ఆఱుగురు చనిపోయిరి. ఒకటి కూలిపని, ఒకటి గుడి, ఒకటి పెండ్లి. మనము ట్రాలీ యెక్కు సందర్భములు ఈ మూడే కదా.

పెద్దలకు భయము చెప్పుటకంటె లెక్క చెప్పిన బాగుగ నెక్కును. ట్రెయిలరు చట్టము దృష్టిలో సరకుల బండి. దానికి వేఱుగ రిజిస్ట్రేషను ఉండవలెను. అందు మనుష్యులను కూర్చుండబెట్టుకొని పోవుట 1988 నాటి మోటారు వాహనముల చట్టమునకు విరుద్ధము. సరకుల బండిలో ఊరకే ఎక్కించుకొనిన ప్రయాణికులకు పరిహార మిచ్చు బాధ్యత బీమా కంపెనీకి లేదని 2002 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. అనగా ప్రమాదము జరిగినచో ఆ భారమంతయు బండి యజమానిపై, అతని యిల్లు వాకిళ్లపై, అతని తోటపై పడును. చుట్టములను పిలిచి, వారి ప్రాణములకు మన తోటను పూచీ పెట్టుదుమా యని మామగారిని వినయముగా అడిగి చూడవలెను. ప్రాణము మాట చెవినిబెట్టనివారును భూమి మాట వినుట కలదు.

కూడదని చెప్పి ఊరకుండినను చాలదు. వేఱొక దారి చూపవలెను. బియ్యము, కూరగాయలు, వంటపాత్రలు, సారె సామానులు ట్రెయిలరులో ముందుగా పంపవచ్చును. మనుష్యులు జీపులో దాని సీట్లకు సరిపడునంతమందియే, రెండు మూడు తడవలుగా పోవచ్చును. తారుబాట వఱకు నడువగలవారు నడచిన, అచ్చటనుండి బస్సో వ్యానో కుదుర్చుకొనవచ్చును. ఆ బాడుగను పెండ్లి ఖర్చుల పట్టీలో బాజాభజంత్రీల ప్రక్కనే మొదట వ్రాయించినచో చివర దానికి పైకము లేదను మాట రాదు. ముసలివారిని, గర్భవతులను, చంటిపిల్లల తల్లులను మొదటి తడవలో పంపవలెను.

బండి కదలుటకు ముందు చూడవలసినవానిని సోదరీమణులు ఒక కాగితముమీద వ్రాసి జీపులో అంటించుకొందురు గాక: చీలయు దాని ముల్లును, అడ్డముగా వేసిన గొలుసులు, నొగమీది బరువు, టైర్ల గాలి, వెనుక దీపములు, సరకునకు బిగించిన త్రాళ్లు, దిమ్మలు రెండు, పంపు. పావుమైలు పోయిన పిదప ఒకమాఱు ఆపి త్రాళ్లను, చీలను మఱల చూడవలెను. మొదటి కుదుపులకే సరకు సర్దుకొని త్రాళ్లు వదులగును. ఇవన్నియు చూచుటకు పట్టు కాలము, ఇంట పాలు పొంగు కాలము కంటె ఎక్కువ కాదు. చివరగా ట్రెయిలరులోనికి తొంగిచూచి, ఆడుకొనుచు ఎక్కిన పిల్లలెవరైన నున్నచో దింపి, అప్పుడు డ్రైవరునకు పొమ్మని చేయి యూపవలెను.